గడ్డ మీద తడితే చేతిలో కరెంటు కొడుతోంది

పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు నరాల గడ్డల గురించే ఉన్నాయి. బీపీ, షుగరు ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి వీటికే చోటిస్తున్నాను. కాకతీయ మెడికల్ కాలేజీలో చదువుకుని, సర్కారు దవాఖానల్లో సర్జన్‌గా పనిచేసి, ఇప్పుడు హన్మకొండలో పొద్దున పూట మాత్రమే పేషెంట్లను చూస్తున్నాను. నరం గడ్డ విషయంలో నా చేతిమీదుగా ఒక తప్పు జరిగింది. మొదటి ఉత్తరానికి జవాబులో అది కూడా రాశాను. రాయకపోతే ఆ జవాబు సగమే అవుతుంది.

"డాక్టరమ్మా, నేను ఇంటర్ చదువుతున్న. మా అమ్మకు 43 ఏండ్లు, బీడీలు చేస్తది. ఎడమ చెయ్యి మోచేతికి పైన, లోపలి దిక్కు మూడేండ్ల కింద చింతగింజంత గడ్డ ఉండె. ఇప్పుడు రేగుపండంత అయింది. గోడకు తాకినా, చాట అంచు ఒత్తుకున్నా చిటికెన వేలు దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటది అంటది. ఊర్లె ఆర్‌ఎంపీ డాక్టరు 'అది కొవ్వు గడ్డ, నాకు తెలిసిన నర్సింగ్‌హోంల అరగంటల తీపిస్త' అన్నడు. అమ్మమ్మ క్యాన్సరని ఒక్కటే ఏడుపు. అమ్మ చెయ్యి ఆగితే మాకు ఎల్లది. ఏం చెయ్యాలె?"
— ఒక విద్యార్థిని, కోరుట్ల దగ్గరి పల్లె, జగిత్యాల జిల్లా

బిడ్డా, మీ అమ్మకు ఏమై ఉంటుందో నీ ఉత్తరంలోనే ఉంది. గోడకు తాకితే చిటికెన వేలు దాకా జివ్వుమంటుందని రాశావు చూడు, అదే. కొవ్వు గడ్డ అట్లా చెయ్యదు. దాన్ని నొక్కితే నొక్కిన చోటే తెలుస్తుంది, వేలి కింద మెత్తగా జారుతుంది, అంతే. తగిలింది ఒకచోట, జివ్వుమన్నది ఇంకోచోట అయిందంటే నడుమ నరం ఉన్నట్టు. మోచెయ్యి గుమ్మానికి కొట్టుకుంటే చిటికెన వేలు తిమ్మిరెక్కడం అందరికీ అనుభవమే కదా. ఆ నరం చంక నుంచి చేతి లోపలి వైపుగా దిగి, మోచేతి ఎముక వెనక నుంచి చిటికెన వేలికి పోతుంది. అల్నార్ నరం అంటాం. మీ అమ్మకు గడ్డ ఉన్నది సరిగ్గా ఆ దారిలోనే. కళ్లతో చూడకుండా ఖాయం చెయ్యను. కానీ ఆమె నా ముందు కూర్చుంటే నేను మొదట అనుమానించేది నరం గడ్డనే.

నరం లోపల వెంట్రుకకన్నా సన్నని పోగులు వేలల్లో ఉంటాయి. వాటిని కొన్ని కణాలు చాప చుట్టినట్టు పొరలు పొరలుగా చుట్టుకుని కాపాడుతుంటాయి. 19వ శతాబ్దంలో థియోడర్ ష్వాన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గుర్తించాడు కాబట్టి వాటికి ష్వాన్ కణాలని పేరు. ఆ కణాల్లో ఒకటి అదుపు తప్పి పెరుగుతూ పోతే గుండ్రటి గడ్డ కడుతుంది. దాన్ని ష్వానోమా అంటాం. అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ముక్క చదివి వినిపించు: ష్వానోమా క్యాన్సర్ కాదు. ఊపిరితిత్తులకో కాలేయానికో పాకదు. క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. చింతగింజ రేగుపండు కావడానికి మూడేళ్లు పట్టింది, దాని నడక అంత నెమ్మది.

దీనికి తోబుట్టువులాంటిది ఇంకొకటుంది, న్యూరోఫైబ్రోమా. అదీ చాలావరకు మంచి గడ్డే. తేడా లోపల ఉంది. ష్వానోమా నరం పోగులను ఒక పక్కకు నెట్టి, తన సంచిలో తాను పెరుగుతుంది. న్యూరోఫైబ్రోమాలో పోగులు గడ్డలోంచే పోతాయి, తాడు పేనేటప్పుడు పీచుల నడుమ మట్టి ఇరుక్కున్నట్టు. మొదటిదాన్ని నరం చెడకుండా తీయడం చాలాసార్లు కుదురుతుంది. రెండోదానితో కష్టం.

మీ అమ్మ వస్తే నేను చేసే పరీక్ష చెబుతాను, మీరు ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఇది జరిగిందో లేదో చూసుకో. గడ్డను రెండు వేళ్ల నడుమ పట్టుకుని కదుపుతాను. నరం గడ్డ అడ్డంగా అటూ ఇటూ కదులుతుంది, చేతి పొడవునా పైకీ కిందికీ కదలదు. తీగకు గుచ్చిన పూస అనుకో. తరవాత వేలికొనతో మెల్లగా తడతాను. జివ్వుమన్నది ఏ వేలి దాకా పోయిందో ఆమెనే చూపించమంటాను. ఆ తరవాత న్యూస్‌పేపరు ముక్క ఒకటి చింపి, బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ గట్టిగా పట్టుకోమని లాగుతాను. అల్నార్ నరం బలహీనపడితే కాగితాన్ని ఆపడానికి బొటనవేలి కణుపు దానంతటదే వంగిపోతుంది. బీడీ పనికి ఇది చాలా ముఖ్యం. తునికాకును వేళ్ల మధ్య దొర్లించడం, మూతి మడవడం అంతా అరచేతిలో ఉండే చిన్న చిన్న కండల పని, ఆ కండల్లో ఎక్కువ భాగాన్ని నడిపేది ఈ నరమే. ఈ మధ్య ఆకు చేతిలోంచి జారుతోందా, రోజుకు చేసే బీడీల లెక్క తగ్గిందా అని అమ్మను అడుగు. తగ్గిందంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పు. ఏ మిషనూ పట్టుకోలేనిది అందులో తెలుస్తుంది.

ఇంకొకటి కూడా చూస్తాను. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ గానీ ఎర్రటి మచ్చ గానీ ఉందా అని. కుష్ఠు వల్ల కూడా మోచేతి దగ్గర ఇదే నరం ఉబ్బుతుంది. డిచ్‌పల్లి కుష్ఠు దవాఖాన పేరు వింటే భయపడే కాలం పోయింది. ఇప్పుడు దానికి 6 నెలలో 12 నెలలో మాత్రలు, అవీ ఉచితం. కాకపోతే కుష్ఠు నరాన్ని గడ్డ అనుకుని కోస్తే నరమూ పోతుంది, రోగమూ అట్లాగే ఉంటుంది. అందుకని ఈ చూపు తప్పనిసరి.

ఆ తరవాత అల్ట్రాసౌండు, ఎమ్మారై. గడ్డ పై కొస నుంచి, కింది కొస నుంచి నరం తోకలాగా బయటికి రావడం వాటిలో కనబడుతుంది. నరం ఎంత పనిచేస్తోందో కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్ష కూడా చేయిస్తారు. ఎమ్మారై కాకముందే సూది పొడిచి ముక్క తీస్తామంటే వద్దను. నరం గడ్డలో సూది దిగితే ప్రాణం విలవిల్లాడుతుంది, లోపల నెత్తురు చేరి తరవాతి ఆపరేషన్ కష్టమవుతుంది. స్కానులో అనుమానం మిగిలితే పెద్ద దవాఖానలో స్కాను చూస్తూనే తీస్తారు, అది వేరే సంగతి.

ఇక ఆ అరగంట మాట. అది చదవగానే నా గుండె ఎందుకు ఝల్లుమందో చెబుతాను.

1990ల మొదట్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న ఊరి దవాఖానలో ఉన్నాను. మగ్గం నేసే పాతికేళ్ల పిల్లవాడు వచ్చాడు. భుజానికీ మోచేతికీ నడుమ బయటి వైపు నిమ్మకాయంత గడ్డ. కొవ్వు గడ్డ అనుకున్నాను. తట్టి చూడలేదు. మత్తు సూది ఇచ్చి కోశాను. పసుపు రంగులో, నున్నగా, గుడ్డులాంటి గడ్డ కనబడింది. పై కొసనా కింది కొసనా తెల్లటి తాడులాంటిది ఉంది. రక్తనాళమనుకుని రెండు దిక్కులా కట్టి, నడుమ భాగమంతా తీసేశాను. గంట కూడా పట్టలేదు. తెల్లారి రౌండుకు పోయేసరికి పిల్లవాడు మంచం మీద కూర్చుని, వేలాడిపోయిన మణికట్టును రెండో చేత్తో లేపి పట్టుకుని ఉన్నాడు. "అమ్మా, ఈ చెయ్యి ఎప్పుడు లేస్తది?" అని అడిగాడు. అతని గొంతులో కోపం లేదు. మత్తు ఇంకా దిగలేదేమో అనుకుంటున్నాడు. నాకు అప్పటికే అర్థమైంది. మణికట్టును లేపే రేడియల్ నరాన్ని గడ్డతో సహా కోసి బయట పడేశాను. పరీక్షకు పంపిన గడ్డ ష్వానోమా అని వచ్చింది. అంటే ఆ నరాన్ని నిలబెట్టి గడ్డను మాత్రమే తీయడానికి అవకాశం ఉండింది. హైదరాబాదులో అతని కాలిలోంచి నరం తీసి అతికించారు. ఏడాదిన్నరకు మణికట్టు లేచింది. వేళ్లు పూర్తిగా చాచడం రాలేదు. నాడె విసరడం కుదరక మగ్గం వదిలేశాడు.

ఆ తరవాత చేతి మీదైనా కాలి మీదైనా తట్టి చూడకుండా ఒక్క గడ్డనూ నేను ముట్టుకోలేదు.

సరైన చేతుల్లో ఇదే ఆపరేషన్ ఎట్లా ఉంటుందో కూడా తెలుసుకో. మైక్రోస్కోపు కింద చేస్తారు. గడ్డ ఒళ్లంతా నరం పోగులు పలచగా పరుచుకుని ఉంటాయి. సన్నని కరెంటు పుల్లతో తాకుతూ ఎక్కడ తాకితే వేళ్లు కదులుతున్నాయో, ఎక్కడ కదలడం లేదో చూస్తారు. పోగులు లేని చోటు చూసుకుని, నరం పొడవునా పైపొర చీలుస్తారు. అడ్డంగా ఎన్నడూ చీల్చరు. అప్పుడు ఉడకబెట్టిన పల్లికాయను ఒత్తితే గింజ జారినట్టు గడ్డ ఊడి వస్తుంది. దానిలోకి పోయిన ఒకటి రెండు పనిలేని పోగులను మాత్రం కోస్తారు. నేను సీనియర్ల పక్కన నిలబడి మొదటిసారి ఇది చూసినప్పుడు, గడ్డ వచ్చేశాక కింద తెల్లటి నరం నిండుగా అట్లాగే ఉండడం చూసి మగ్గం పిల్లవాడే కళ్లముందు మెదిలాడు.

మీ అమ్మకు గడ్డ పెరుగుతోంది, తాకితే బాధ ఉంది, చెయ్యే బతుకుతెరువు. నా ఉద్దేశంలో తీయించడమే మంచిది. కానీ రేపే తీయాలన్న తొందరేమీ లేదు. నెలా రెండు నెలలు ఆగి సరైన చోటు చూసుకున్నా కొంపలు మునగవు. న్యూరోసర్జన్ గానీ, నరాల పని తెలిసిన ప్లాస్టిక్ సర్జన్ గానీ చెయ్యాలి. వరంగల్ ఎంజీఎంలో చూపించండి, అక్కడి నుంచి అవసరమైతే హైదరాబాదు నిమ్స్‌కు రాస్తారు. "ఇది నరం గడ్డ అని మీకూ అనిపిస్తోందా, మైక్రోస్కోపు కిందే చేస్తారా" అని అడగడానికి మొహమాటపడకు. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుపో. 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షలకు పెంచారు. ఈ ఆపరేషన్ దాని కింద వస్తుందా, ఏ దవాఖానలో చేస్తారు అన్నది అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రను అడుగు. ఆపరేషన్ తరవాత కొన్ని వారాలు చిటికెన వేలు మొద్దుబారినట్టు ఉండొచ్చు, ఆ రోజుల్లో చాట ముందు కూర్చోవడం కుదరదు. ఇంట్లో ఖర్చులు దాన్ని లెక్కలోకి తీసుకుని చూసుకోండి. మొత్తంగా తీసిన ష్వానోమా మళ్లీ రావడం అరుదు.

"మేడమ్ గారికి నమస్కారం. వయసు 52. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి దగ్గర గుమస్తాగా చేస్తున్నాను. ఏడాదిగా కుడి చెవికి ఫోను పెడితే చప్పుడు వినబడుతుంది గాని మాట అర్థం కాదు. రాత్రిళ్లు కీచురాళ్ల మోత. చీకట్లో నడిస్తే పక్కకు తూలుతున్నాను. చెవిలో గులిమి అని చుక్కల మందు వాడాను. చివరకు ఎమ్మారైలో చెవి నరం మీద 14 మిల్లీమీటర్ల కణితి ఉందన్నారు. ఒకరు ఆపరేషన్ అంటున్నారు, ఒకరు రేడియేషన్, ఇంకొకరు ఆరు నెలలు చూద్దామంటున్నారు. ముగ్గురిలో ఎవరిది నిజం?"
— వరంగల్

అన్నా, ముగ్గురిదీ నిజమే. మందు వేసే డాక్టర్ల మధ్య ఇంత తేడా వస్తే మామూలుగా ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని అనుకుంటాం. ఈ జబ్బులో మాత్రం మూడు దారులూ పుస్తకంలో ఉన్నవే.

మీది మెదడులో పుట్టిన కణితి కాదు. పై ఉత్తరంలో చెప్పిన ష్వానోమానే, చెవి నుంచి మెదడుకు పోయే ఎనిమిదో నరం మీద వచ్చింది. ఆ నరానికి రెండు పాయలు, ఒకటి వినికిడికి, ఒకటి ఒళ్లు తూలకుండా నిలబెట్టడానికి. గడ్డ పుట్టేది తూకం పాయ మీద, అందుకే వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు. రెండూ ఒకే ఎముక గొట్టంలో ఇరుక్కుని పోతాయి కాబట్టి వినికిడి పాయ నలుగుతుంది. చప్పుడు వస్తోంది, మాట తెలియడం లేదన్నారే, అది సరిగ్గా నరం నలిగిన గుర్తు. గులిమి ఉంటే చప్పుడు కూడా తగ్గాలి. ఏటా లక్ష మందిలో ఒకరికి వచ్చే జబ్బు కాబట్టి చుక్కల మందు ఇచ్చిన డాక్టరును నేను తప్పుపట్టను. కానీ చదివేవాళ్లందరూ ఒకటి గుర్తుపెట్టుకోండి: రెండు చెవులూ వయసుతో తగ్గడం వేరు, ఒక్క చెవే తగ్గడం వేరు. ఒక్క చెవి తగ్గితే వినికిడి కొలిచే ఆడియోగ్రాం తీయించాలి. అందులో తేడా ఉంటే ఎమ్మారై.

ఇక మూడు దారులు. ఈ గడ్డ పెరిగినా సగటున ఏడాదికి 1, 2 మిల్లీమీటర్లే, చాలామందిలో ఏళ్లపాటు అసలు కదలదు. అందుకే మీ సైజులో, మెదడు కాండాన్ని నొక్కడం లేదని రిపోర్టులో ఉంటే, ఆరు నెలలకు మళ్లీ ఎమ్మారై తీసి చూడడం న్యాయమైన పద్ధతి. నన్నడిగితే నేను మొదట దానికే ఒప్పుకుంటాను. ఒక్క నష్టం ముందే తెలిసి ఉండాలి: గడ్డ పెరగకపోయినా ఆ చెవి వినికిడి మెల్లగా తగ్గుతూ పోవచ్చు. ఆగినందువల్లే పోయిందని తరవాత బాధపడకండి. ఆపరేషన్‌లో కూడా వినికిడి నిలుస్తుందన్న హామీ లేదు.

రేడియేషన్ దారి గురించి భయాలు ఎక్కువ విన్నాను. గామా నైఫ్ అన్న పేరు విని కత్తి అనుకుంటారు. కోత ఉండదు. 1960ల్లో స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ మొదలుపెట్టిన పద్ధతి. దాదాపు 200 దిక్కుల నుంచి సన్నని కిరణాలు వచ్చి ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. ఒక్కో కిరణం దారిలో ఉన్న మెదడుకు హాని చేసేంత బలమైనది కాదు, అన్నీ కలిసిన చోట మాత్రం గడ్డ కణాలు పెరగలేవు. ఇదే పనిని వేరే రకం రేడియేషన్ మిషన్లతో చేసే కేంద్రాలు హైదరాబాదులో ఉన్నాయి. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా గడ్డ పెరగడం ఆగుతుంది. ఆగుతుంది అన్నాను, మాయం కాదు. మొదటి నెలల్లో కాస్త ఉబ్బి కనబడినా కంగారుపడొద్దు. సుమారు 3 సెంటీమీటర్ల లోపు గడ్డలకే ఈ దారి.

అంతకు మించి పెరిగి మెదడును నొక్కుతుంటే ఆపరేషనే. అందులో పెద్ద గండం పక్కనే పోయే ఏడో నరం. ముఖం కదిలేది దానితోనే. అది దెబ్బతింటే మూతి వంకరపోతుంది, కన్ను మూతపడదు. అందుకని ఈ ఆపరేషన్ ఎన్నిసార్లు చేశారో, ఎంతమందికి ముఖం నిలిచిందో సర్జన్‌ను మీరు నేరుగా అడగాలి. మంచి సర్జన్‌కు ఆ ప్రశ్న కోపం తెప్పించదు.

ఈ లోపు చీకట్లో బండి నడపకండి, మడికట్టు మీద, బావి గట్టు మీద ఒంటరిగా నడవకండి. రాత్రి లేస్తే లైటు వేసుకునే లేవండి. చూపు చీకట్లో ఆధారం ఇవ్వదు కాబట్టే మీరు అప్పుడే తూలుతున్నారు. ఫోను ఎడమ చెవికి అలవాటు చేసుకోండి. మార్కెట్లో వేలం పాట జరిగేటప్పుడు పాటదారు మీ ఎడమ దిక్కున ఉండేట్టు నిలబడితే సగం బాధ తగ్గుతుంది. ముఖం ఒక పక్క మొద్దుబారినా, తలనొప్పితో వాంతులైనా, రెండేసిగా కనబడినా ఆరు నెలల గడువు చూడొద్దు, ఆ రోజే పోవాలి. ఉన్నట్టుండి ఆ చెవి పూర్తిగా మూసుకుపోయినా అంతే. స్టెరాయిడ్ మందు కొద్ది రోజుల్లోపు మొదలుపెడితేనే పనిచేస్తుంది.

"అక్కా, మా పాపకు ఏడేళ్లు. కడుపు మీద, వీపు మీద కాఫీ రంగు మచ్చలు పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి, లెక్కపెడితే తొమ్మిది. నాకూ చిన్నప్పటి నుంచి అట్లాంటి మచ్చలే. పెళ్లయినాక ఒంటి మీద మెత్తటి కాయలు లేచాయి, ఇప్పుడు ముప్పై దాకా ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట బయట తిరిగానని, అందుకే పాపకు మచ్చలని అత్తమ్మ అంటుంది. నా కాయలు పాపకు అంటుకుంటాయని విడిగా పడుకోబెడుతోంది. నేను నిజంగా తప్పు చేశానా?"
— మంచిర్యాల

చెల్లీ, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. ఈ రాత్రి నుంచి పాపను నీ పక్కనే పడుకోబెట్టుకో. ఇది అంటుకునేది కాదు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

నువ్వు రాసినదాన్ని బట్టి ఇది న్యూరోఫైబ్రోమటోసిస్ ఒకటో రకం. నీ కాయలు మొదటి జవాబులో చెప్పిన న్యూరోఫైబ్రోమాలే. జర్మన్ డాక్టరు రెక్లింగ్‌హౌజెన్ 1882లో దీని గురించి వివరంగా రాశాడు. మన కణాల్లో 17వ క్రోమోజోము మీద ఉండే ఒక జన్యువు మారడం వల్ల వస్తుంది. సుమారు 3,000 మందిలో ఒకరికి ఉంటుంది, అంటే మీ ఊళ్లో మీరొక్కరే అయి ఉండకపోవచ్చు. సగం మందికి తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. మిగతా సగం మందికి ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. ఇది ఉన్న తల్లికి గానీ తండ్రికి గానీ పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఇంకొక బిడ్డ గురించి ఆలోచిస్తున్నట్టయితే ముందుగా హైదరాబాదులో జన్యు నిపుణులతో మాట్లాడండి.

పాపకు చంకల్లో, గజ్జల్లో నువ్వుగింజల్లాంటి చుక్కలు ఉన్నాయేమో చూడు. పిల్లల్లో 5 మిల్లీమీటర్లకు మించిన మచ్చలు ఆరు, వాటితో పాటు ఆ చుక్కలు ఉంటే జబ్బు దాదాపు ఖాయమే. మచ్చలతో ఏ హానీ లేదు, వాటికి పూతమందులు కొనకు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఏటా ఒకసారి కంటి డాక్టరుకు చూపించాలి, కంటి నరం మీద గడ్డలు ఈ చిన్న వయసులోనే వస్తాయి. వెన్నెముక వంకర తిరుగుతోందా, బీపీ ఎట్లా ఉందో చూడాలి. బడిలో చదువు వెనకబడితే మొద్దు అని తిట్టనియ్యకు. ఈ పిల్లలకు చదవడం, లెక్క చెయ్యడం కష్టం కావడం ఈ జబ్బులో భాగమే, టీచరుకు నువ్వే వెళ్లి చెప్పు.

నీ కాయలన్నీ తీయించాల్సిన పనిలేదు. జాకెట్టు అంచుకు రాసుకునేది, నొప్పి పెట్టేది, మొహం మీద నీకు ఇబ్బంది అనిపించేది తీయించుకో, చాలు. ఒక్కదాన్ని మాత్రం కనిపెట్టి ఉండాలి: ఇన్నేళ్లూ మెత్తగా ఉన్న కాయ నెలల్లో గబగబా పెరిగినా, గట్టిపడినా, రాత్రిపూట నిద్రలేపేంత నొప్పి పెట్టినా వెంటనే చూపించాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో జీవితకాలం మొత్తంలో నూటికి 8 నుంచి 13 మందికి నరం గడ్డ క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. ఎక్కువగా ఒంటి లోపల పెద్దగా పాకిన గడ్డల్లోనే మారుతుంది, పైపైన ఉండే చిన్న కాయల్లో కాదు. భయపెట్టడానికి చెప్పడం లేదు, తొందరగా పట్టుకుంటేనే చెయ్యగలిగేది ఉంటుంది. నీకు రొమ్ము పరీక్షలు కూడా మిగతా ఆడవాళ్లకన్నా ముందే, 30 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలి. దీన్ని చాలామంది డాక్టర్లు కూడా మర్చిపోతుంటారు.

పాపకు లోపల పెద్ద గడ్డలు వచ్చి ఆపరేషన్‌కు లొంగకపోతే సెలుమెటినిబ్ అనే మందు ఉంది. 2020లో అమెరికాలో పిల్లలకు అనుమతించారు, గడ్డలను కుదించగలుగుతుంది. ధర మాత్రం చాలా ఎక్కువ. ఇప్పుడు దాని ఆలోచన అక్కర్లేదు. ఈ పేజీ చింపి అత్తమ్మకు ఇవ్వు. కోపంగా కాదు, ఆమెకు కూడా పాప మీద బెంగతోనే ఆ మాట వచ్చింది.

"తొడ మీద నరం గడ్డ. మా వూరి నాటు వైద్యుడు జిల్లేడు పాలు పోసి కట్టు కడితే కరుగుతుందన్నాడు. కట్టించుకోవచ్చా?"
— ములుగు జిల్లా

వద్దు తమ్ముడూ. జిల్లేడు పాలు తోలును కాలుస్తాయి. గడ్డ దానికి చాలా కింద, నరం పొరలో ఉంటుంది, అక్కడికి పాలు చేరవు. పైన పుండు పడితే అది మానేదాకా ఏ సర్జనూ కత్తి పెట్టడు. కట్టించుకుని ఉంటే ఇప్పుడే విప్పి నీళ్లతో బాగా కడుక్కో.

"మేడమ్, మణికట్టు దగ్గర నరం గడ్డ తీశారు. పది వారాలైంది. చూపుడు వేలు కొన ఇంకా మొద్దుబారే ఉంది. నేను బ్లౌజులు కుడతాను. సూది గుచ్చుకున్నా తెలియడం లేదు, నెత్తురు చూసుకుని తెలుసుకుంటున్నాను. నరం కోసేశారా?"
— హుజూరాబాద్

కోసేశారని తేల్చుకోకమ్మా. నలిగిన నరం పోగులు తిరిగి పెరిగితే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతాయి. మణికట్టు నుంచి చూపుడు వేలి కొసకు స్కేలు పెట్టి కొలుచుకో. 17, 18 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే సుమారు ఆరు నెలల ప్రయాణం. నువ్వు ఇంకా సగం దారిలో కూడా లేవు.

పెరుగుతోందో లేదో నువ్వే తెలుసుకోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల నరాలు చూసిన జూల్స్ టినెల్ అనే ఫ్రెంచి డాక్టరు 1915లో ఈ గుర్తు గురించి రాశాడు. రెండో చేతి వేలికొనతో, మొద్దు వేలి కొస నుంచి మణికట్టు వైపు మెల్లగా తడుతూ రా. ఒకచోట ఉన్నట్టుండి వేలిలోకి జివ్వుమంటుంది. పోగులు అక్కడి దాకా చేరాయన్నమాట. ఆపరేషన్‌కు ముందు ఆ జివ్వుమనడం రోగం గుర్తు, ఇప్పుడు మాత్రం అది రావాలని కోరుకో.

ఈ లోపు ఆ వేలికి అంగుస్తానా పెట్టుకుని కుట్టు, ఇస్త్రీ పెట్టెను, పెనం అంచును రెండో చేత్తో ముట్టుకో. మొద్దు వేలికి కాలినా తెలియదు, బొబ్బ లేచాకే కనబడుతుంది. జివ్వుమన్న చోట పెన్నుతో చుక్క పెట్టి, మణికట్టు గీత నుంచి అక్కడికి ఎంత దూరమో స్కేలుతో కొలిచి, గోడ క్యాలెండరు మీద ఆ తేదీ గడిలో రాసుకో. నెలకొకసారి అదే తేదీన మళ్లీ తట్టు. మూడు నెలలు వరసగా చుక్క ఉన్నచోటే ఉంటే ఆ క్యాలెండరు పట్టుకుని నీ సర్జన్ దగ్గరికి పో.